టమోటా ఒక్కపొద్దు

నేను అబద్ధాలు చెప్పను. జరిగిందాన్ని రవ్వంత సాగదీస్తా, అంతే. మా నాయన పీరా సాహెబు పరుపులు కుట్టేటాయన. పిడికెడు దూదిని ఏకి ఏకి మంచం నిండా చేస్తాడు. ఆయన్ని ఎవరూ అబద్ధాలకోరు అనరు. ఆయన దూదిని ఏకుతాడు, నేను మాటను ఏకుతా.

తిరపతిలో, కొండ కింద, జూలో బ్యాటరీ బండి తోల్తా నేను. పన్నెండు మంది పడతారు. ఒక్కో జంతువు కాడ ఆపి నాలుగు ముక్కలు చెప్పాల. ఆఫీసులో ఒక కాగితం ఇచ్చినారు, ఏ జంతువు ఎన్ని దినాలు కడుపుతో ఉంటాది, ఎన్నేండ్లు బతుకుతాది, ఎప్పుడు ఏం తింటాది అని. మొదటి రోజు అది చదివితే ముందు సీట్లో ముసిలాయన నిద్రబోయి నా భుజం మీదికి ఒరిగినాడు. రెండో రోజు కాగితం మడిచి సీటు కింద పెట్టేసినా.

"ఆ నీటిగుర్రం సూడండమ్మా. పోయిన ఎండాకాలం ఒకసారి ఆవలించింది. ఆ గాలికి రేణిగుంటలో దిగాల్సిన విమానం ఇంకొక సుట్టు తిరిగి దిగింది."

"ఆ మొసలి పద్దెనిమిదేండ్లుగా కదల్లేదు. మొన్న ఉగాదికి ఒక కన్ను మూసింది. ఆ రోజు మాకందరికీ మిఠాయి పంచినారు."

"ఈ దుప్పులు నూటెనిమిది. అందులో ఒకటి మేక. ఏదనేది మేము బయటికి సెప్పగూడదు."

నవ్వేవాళ్ళు నవ్తారు. నమ్మేవాళ్ళు మేక కోసం వెతుకుతారు. పుత్తూరు నించి వచ్చిన ఒకాయన అరగంట వెతికి, దొరికిందని ఫోటో తీసుకోని పోయినాడు. అప్పట్నించి నాకే అనుమానంగా ఉండాది.

జూ చివర, కొండ బాగా దగ్గరికి వచ్చేసే చోట, ఒక ఆడ చిరత ఉండాది. బోర్డు మీద కౌండిని అని రాసినారు గానీ మేమంతా టమోటా అంటాము. ఏడేండ్ల కింద పలమనేరు కాడ టమోటా తోటలో పాడుబావిలో పడి దొరికింది. వయసు అప్పుడు రెండేండ్లు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు బావిలోనే ఉండాదంట. వల వేసి పైకి తీసినారు. వెనకకాలు విరిగిపోయింది. డాక్టర్లు కట్టు కట్టినారు గానీ ఎముక వంకరగా అతుక్కునింది. ఆ కాలుతో జింకను తరమలేదు, చెట్టెక్కలేదు. అడివిలో వదిలితే ఆకలికి చస్తాది, లేకుంటే ఊర్లోకి వచ్చి దెబ్బలు తిని చస్తాది. అందుకే ఈడనే పెట్టుకున్నారు. ఇందులో నేను సాగదీసింది ఏమీ లేదు.

దాన్ని చూసుకునేది లోకేశ్వరి అక్క. మేము లోకక్క అంటాము. దానికి కూడు పెట్టేది, ఇల్లు కడిగేది, మాట్లాడించేది అంతా ఆమే. చిరత ఇంటి తలుపుకు తాళమేసి రెండుసార్లు లాగి చూస్తాది, మూడోసారి దేవుణ్ణి తల్చుకోని లాగుతాది.

టమోటాకి నడక ఒకటే. కంచె ఎంబడి, ఈ గోడ కాడ్నించి ఆ గోడ దాకా, పద్నాలుగు అడుగులు. కుంటుతా పోతాది, తిరుక్కుంటాది, కుంటుతా వస్తాది. కూడు వేసే తలుపు ఎప్పుడు చప్పుడైతాదా అని పొద్దస్తమానం ఒక చెవి ఆ పక్కకే పెట్టుకోని నడుస్తాది.

శనివారం మాత్రం నడవదు. జూలో మాంసం తినేవాటికి వారానికి ఒకరోజు కూడు పెట్టరు. అడివిలో దినామూ దొరకదు గదా, కడుపుకి సెలవుండాల అని డాక్టర్లు పెట్టిన పద్ధతి. మా కాడ అది శనివారం. పులులూ సింహాలూ ఆ రోజు గొణుక్కుంటా తిరుగుతాయి. టమోటా మటుకు ఈరోజు తలుపు చప్పుడు కాదని ఎట్లనో కనిపెట్టేసింది. ఎదురుచూసేది ఏమీ లేదు. అందుకని మధ్యలో ఉండే బండ మీదికెక్కి, కొండ తట్టు మొగం పెట్టి, పడుకుంటాది. ఎండ పడినప్పట్నించి కొండ నీడ బండ మీదికి వచ్చిందాకా.

నేను ఎదురుగా కానగ చెట్టు కింద బండి ఆపుకోని చూస్తా. కొండ మీద నించి గాలి మెల్లిగా దిగతాది. బోదగడ్డి తలలూపుతాది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దాని ఒంటి మీద పడతాది, ఏ చుక్క ఎండదో ఏ చుక్క చిరతదో తెలీదు. కాసేపు చూస్తే బండే ఊపిరి తీసుకుంటా ఉండాదేమో అనిపిస్తాది. అట్ల చూస్తా చూస్తా నేనూ కన్ను మూస్తా. మా వంశంలో అందరికీ నిద్ర ఎక్కువ. పరుపులోళ్ళము గదా, సరుకు పరీక్ష చెయ్యాల.

పెరటాసి నెల మొదటి శనివారం ఇది చెడింది. చెడగొట్టింది నేనే.

పెరటాసి అంటే అరవోళ్ళకు ఎంకన్న నెల, ఆ శనివారాల్లో తిరపతి పసుప్పచ్చగా అయిపోతాది. అరవదేశం నించి, సరిహద్దు ఊర్ల నించి పసుపు గుడ్డలు కట్టుకోని జనం దిగతారు. కొండకు పోయి దర్శనం చేసుకోని, రైలుకు టైముంటే జూకి వస్తారు. ఆ రోజు నా బండిలో సత్యవేడు కాడ్నించి వచ్చిన ఒక గుంపు ఎక్కింది. ముందు సీట్లో అక్కమ్మ అనే ముసిలామె. అప్పుడే తీసిన గుండు, దాని మీద గందం, వేలికి ఒకటే ఇత్తడి ఉంగరం.

టమోటా కాడ ఆపినా. అది బండ మీద ఆదమర్చి పడుకోనుండాది.

"ఇది లేస్తాదా లేదా అప్పా? కూడు పెడితే లేస్తాది గదా?" అన్నాడు వెనక సీటాయన.

"ఈరోజు కూడు లేదన్నా."

"ఎందుకు లేదు?"

జవాబు సీటు కింద కాగితంలో ఉండాది. కానీ పొద్దున ఇంట్లో మా అవ్వ జైతున్‌బీ కాఫీ గ్లాసు పక్కకు తోసి "ఈరోజు ఒక్కపొద్దు రా" అన్న మాట నా నోటి చివర ఉండాది. మా అవ్వ రంజానుకు ముప్ఫై దినాలూ ఉంటాది, శనివారాలు కూడా వదిలిపెట్టదు. ఎందుకవ్వా అంటే, ఎదురుగా కొండ పెట్టుకోని ఎట్ల తినేది అంటాది.

"శనివారం గదన్నా," అన్నా నేను, మొగం రవ్వంత కూడా కదపకుండా. "ఒక్కపొద్దు."

బండిలో అందరూ నా తట్టు తిరిగినారు. అట్ల వినేవాళ్ళు దొరికితే నేను ఆగలేను.

"వాళ్ళమ్మ కాడ్నించి వచ్చిన ఆచారం. ఒకసారి కోడి పెట్టి చూసినాము, మొగం తిప్పుకునింది. సాయంత్రం రెండు తులసాకులు, గుక్కెడు నీళ్ళు. అంతే."

అక్కమ్మ బండి దిగింది. కంచె కాడికి పోయి చేతులు జోడించి కండ్లు మూసుకునింది. శానాసేపు తెరవలేదు. వెనక సీటాయన ఫోన్లో తీసినాడు. నిద్రబోయే చిరత, దాని ముందర దండం పెట్టే గుండు అవ్వ, వెనక నా గొంతు: "శనివారం ముట్టదన్నా."

సాయంత్రం నేను ఇంటికి పోకముందే ఆ వీడియో ఇంటికి పోయింది. నాయన ఫోను దగ్గర పెట్టుకోని చూస్తా ఉండాడు.

"ఈ గొంతు నీ మాదిరే ఉండాదే?"

"నా మాదిరి గొంతులు తిరపతిలో శానా ఉండాయి నాయనా."

రెండో శనివారం వచ్చిన జనం ఎంతమందని చెప్తే సాగదీసినా అంటారు. బస్టాండులో బస్సుకు కాచుకోనుండేవాళ్ళు తప్ప అందరూ వచ్చినారు. కంచె ఎంబడి పసుపు గోడ కట్టినట్టుండాది. గోవింద నామాలు. పిల్లోళ్ళను భుజాలకెత్తుకోని "అద్దో, అద్దో" అంటా ఉండారు. ఒకాయన తులసిమాల లోపలికి విసరబోతే గార్డు చెయ్యి పట్టుకున్నాడు. నాతో పన్నెండు మంది సెల్ఫీ తీసుకున్నారు. నేను జుట్టు సర్దుకున్నా. మధ్యాన్నం దాకా నాకంటే గొప్పోడు జూలో ఎవడూ లేడు, నీటిగుర్రంతో కలిపి.

టమోటా పొద్దున తొమ్మిదికి తలెత్తింది. పదికి లేచి నిలబడింది. పదకొండుకి బండ దిగింది. తర్వాత కంచె ఎంబడి నడక మొదలుపెట్టింది. ఎప్పుడూ నడిచే నడక కాదు. కుంటికాలు నేలకు ఈడుస్తా, గోడ కాడ తిరిగేటప్పుడు మూతి గోడకు రాసుకుంటా. "ప్రదక్షిణాలు సేస్తా ఉండాది సూడు" అనింది ఎవరో వెనక నించి. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. రాకపోయినా అది నా నోటి మాటే అని నాకు తెలుసు.

"రేయ్ నియాజూ, దా ఈడికి." లోకక్క.

నా చొక్కా పట్టుకోని చిరత ఇంటి వెనక పక్కకి ఈడ్చుకోని పోయింది. ఆడ చిన్న కమ్మీల కిటికీలోంచి టమోటా తోక కనిపిస్తాది. చివర బొచ్చు లేదు. తడిగా, ఎర్రగా.

"కొరుక్కుంటా ఉండాది," అనింది. "బావిలోంచి తెచ్చిన కొత్తలో ఇట్లనే కొరుక్కునింది. తోక సగం పోయుండాల్సింది. పుండు ఎక్కితే పాణమే పోతాదన్నాడు డాక్టరు. అది మానింది దేంతోనో తెల్సా? మందుతో గాదు. ఆ శనివారం నిద్రతో. వారానికి ఒక్క నిద్ర రా దానికి. అదీ పీక్కున్నావు."

"లోపల గదిలో పెట్టి తలుపేస్తే పోదా అక్కా?"

"బావిలో పడినదానికి సీకటి గది సూపిస్తావా? రాత్రి లోపల పెడితే తెల్లార్లూ కూసోనుంటాది. ఆ బండ ఒక్కటే దానికి పడక."

నేను ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచినా.

"మూసుకో. నీ నోరు తెరిస్తే మళ్ళీ ఏం పుడతాదో," అనింది లోకక్క. ఆమె కంట్లో నీళ్ళుండాయి. దాన్ని నేను ఎట్ల సాగదీసేది?

ఇంట్లో నాయనకు మొత్తం చెప్పినా. ఆయన అరుగు మీద పరుపు మూల కుడతా ఉండాడు. మా నాయనకొక పద్ధతుండాది. ఎవరింటికైనా పాతపరుపు ఏకేదానికి పోతే, ఆ ఇంట్లో ఎవరైనా పడుకోనుంటే లేపడు, లేపనియ్యడు, టేపు కూడా తియ్యడు. ఒకసారి చిత్తూర్లో ఒక పెద్దాయన మధ్యాన్నం పడుకుంటే పొద్దుగూకిందాకా గుమ్మం కాడ కూసోనుండి వచ్చినాడు. నిద్రను అమ్ముకోని బతికేవాడు నిద్రను చెడపగూడదంట.

తిడతాడనుకున్నా. తిట్టలేదు. సూది గుడ్డలో గుచ్చిపెట్టి అడిగినాడు.

"దాని సోటు ఎంత ఉంటాది?"

"పద్నాలుగు అడుగులు."

"మనిషి అడుగులా, దానివా?"

నాకు తెలీలేదు. ఏడేండ్ల నించి దాన్ని చూస్తా ఉండే లోకక్కకు తెలుసుంటాది.

"ఆకలైతే అరుస్తాది," అన్నాడు నాయన. "నిద్ర లేదని ఎవరిని అడుగుతాది రా అది?"

మర్నాడు మధ్యాన్నం కానగ చెట్టు కింద బండిలో కూసోని ఉంటే టమోటా వచ్చి ముందు సీట్లో కూసునింది. టికెట్టు అడగలేదు నేను. స్టాఫు గదా.

"యాడికి?" అన్నా.

"పైకి," అనింది.

బండి పోనిచ్చినా. గేట్లన్నీ తెరిచుండాయి, ఎవరూ లేరు. దుప్పులు వరసగా నిలబడి మమ్మల్ని చూసినాయి, అందులో ఒకటి మే అనింది. ఎవరికీ చెప్పొద్దు అన్నట్టు కన్ను గీటినా. దారి కొండెక్కింది. ఎక్కేకొద్దీ చక్రాల కింద చప్పుడు పోయింది. చూస్తే దారంతా దూది. మా నాయన ఏకిన దూది, తెల్లగా, మబ్బులాగ లేస్తా ఉండాది. చెట్ల మధ్యలో పొగమంచు, యాడో నీళ్ళు పడే చప్పుడు. బ్యాటరీ అయిపోయింది. బండి ఆగింది.

టమోటా దిగింది. ఎదురుగా అడివి. గోడ లేదు, కంచె లేదు, బోర్డు లేదు. ఎంత దూరం చూస్తే అంత దూరం అడివే.

నడిచింది. ఒకటి, రెండు, మూడు. నేను లెక్కబెడతా ఉండా. పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

తిరుక్కునింది.

"ఇంకా ఉండాది, పో!" అని అరచినా. గొంతు రాలేదు. నా గొంతు నాకు రాకపోవడం పుట్టినప్పట్నించి అదే మొదటిసారి. అది నా దాకా వచ్చింది, మళ్ళీ పోయింది. పద్నాలుగో అడుగు కాడ లేని గోడకు మూతి రాసుకోని తిరుక్కునింది.

కండ్లు తెరిస్తే ఎదురుగా కంచెలో టమోటా నడస్తా ఉండాది. కల అయిపోయిందా లేదా నాకు తెలీలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుమానమే.

మూడో శనివారం నిజం చెప్పేదానికి తీర్మానం చేసుకున్నా. బండి మీద నిలబడి గట్టిగా చెప్పినా.

"అయ్యలారా, అమ్మలారా, నేను సెప్పింది అబద్ధం. ఇది ఒక్కపొద్దు ఉండలేదు. శనివారం జూలో కూడు పెట్టరు, అంతే. దాన్ని పడుకోనియ్యండి, పదండి."

అందరూ పగలబడి నవ్వినారు.

"ఈ పిల్లోడు భలే తమాషాగా మాట్లాడతాడే," అనింది ఒకామె.

"మరి నీటిగుర్రం ఆవలింత?"

"అదీ అబద్ధమే."

"దుప్పుల్లో మేక?"

"లేదు."

"ఎందుకు లేదు, నేను కండ్లారా సూసినా," అన్నాడు ఇంకొకాయన.

పక్కనోడు మెల్లిగా వివరించినాడు, "ఆఫీసోళ్ళు ఈ పిల్లోడితో ఇట్ల సెప్పిస్తా ఉండారబ్బా. రద్దీ తట్టుకోలేక." అందరూ తలలూపినారు. దాంతో నామాలు ఇంకా గట్టిగా అందుకున్నారు. లోపల టమోటా తోక నోట్లో పెట్టుకునింది.

నేను దిగి చెట్టు మొదట్లో కూలబడినా. పక్కనే ఎవరో కూసోనుండారు. చూస్తే అక్కమ్మ. గుండు మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచినాయి. వీడియో చూసిన సుట్టాలు బలవంతంగా తీసుకోని వచ్చినారంట, నువ్వు మొక్కిన చోటే మేమూ మొక్కాల అని.

"అవ్వా, నేను నిన్ను మోసం సేసినా," అన్నా. "ఆ ఒక్కపొద్దు నేను పుట్టించింది."

ఆమె నా మొగంలోకి చూసింది. నవ్వింది. పండ్లు రెండే, కానీ నవ్వు నిండుగా ఉండాది.

"నాకు తెలీదనుకున్నావా సామీ? అరవై ఏండ్లుగా ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఇంటి నిండా కూడు పెట్టుకోని తినకపోతే అది ఒక్కపొద్దు. తలుపేసి కూడు పెట్టకపోతే అది ఒక్కపొద్దెట్ల అయితాది?"

"మరి ఎందుకు మొక్కినావు?"

"దానికి మొక్కినా. తప్పయింది తల్లీ అని."

"నువ్వేం తప్పు సేసినావు?"

"మా సేని కాడ కూడా పాడుబావి ఉండె. మూత వెయ్యలే మేము. ఏదో ఒకటి పడే ఉంటాది ఏదో ఒక దినం." ఉంగరం తిప్పుకుంటా కంచె పక్కకి చూసింది. "ఇంత మంది ఎందుకప్పా దానికాడ?"

"సూసేదానికి. మరి దాన్ని వదిలేయమంటావా?"

"ఆ కాలుతో యాడికి పోతాది?"

"మరి ఉంచుకోమంటావా?"

"ఉంచుకోండి, ఎవరొద్దన్నారు? మా ఇంట్లో కాలిరిగిన ఆవుంటే ఇంటెనక నీడలో కట్టేస్తాము. వాకిట్లో కట్టేసి వచ్చేపోయేటోళ్ళను పిల్చి సూపిస్తామా?"

ఆ మాట పట్టుకోని లోకక్కా నేనూ సుందరరాజు సారు కాడికి పోయినాము. ఆ పక్క జంతువులకంతా ఆయనే పెద్ద. సారు టమోటా తోక అప్పటికే చూసొచ్చినాడు, మొగం వాడిపోయుండాది. మా మాటంతా విన్నాడు.

"ముసిలామె అడిగింది న్యాయమే," అన్నాడు. "నేను సెప్పేది కూడా వినండి. పోయినేడు పలమనేరు పక్క నించి బడి పిల్లోళ్ళు వచ్చినారు గుర్తుండాదా? టమోటా కాలు సూసి పోయి, వాళ్ళ ఊర్లో పాడుబావులన్నిటికీ ఇనపవల కప్పించినారు. పంతులు ఫోటోలు పంపించినాడు. దీన్ని ఇంటెనక కట్టేసుంటే ఆ బావులకు వల పడుండునా?"

సారు చెప్పిందీ నిజమే, అక్కమ్మ చెప్పిందీ నిజమే. నిజాలతో ఇదే తంటా. అబద్ధమైతే ఒకటి కొట్టేసి ఇంకొకటి పెట్టుకుంటాము.

"వారానికి ఒక్కరోజు సార్," అన్నా చివరికి. "దాని ఒక్కరోజు దానికి ఇచ్చేయండి. బండ దానికి కావాల, మనుషులు వద్దు."

"బండ్లు ఆపుతా. నడిచి వచ్చేటోళ్ళను ఎట్ల ఆపేది? కంటికి కనపడతా ఉంటే నిలబడతారు."

"కనపడకపోతే?"

సోమవారం మా నాయన టేపు పట్టుకోని జూకి వచ్చినాడు. ఇన్నేండ్లలో అదే మొదటిసారి. కంచె కాడికి పోయేటప్పటికి టమోటా అప్పుడే కూడు తిని, నడిచి నడిచి, గోడ మూల కన్ను మూసింది. నాయన టేపు జేబులో పెట్టేసి నేల మీద కూసున్నాడు.

"కొలత తీసుకో నాయనా, అది ఏమీ అనదు."

"పడుకోనుండేవాళ్ళ కాడ టేపు తియ్యగూడదని నీకు తెలీదా?"

అరగంట కూసున్నాడు. లోకక్క దూరం నించి చూస్తా, ఆ వారంలో మొదటిసారి నవ్వింది. టమోటా లేచినాక నాయన లేచినాడు. కొలత తీసుకోని, పోయేటప్పుడు దానికి సలాం పెట్టినాడు.

ఐదు దినాలు ఇంట్లో కంచెకు తెర కుట్టేది తప్ప వేరే పనే లేదు. పరుపులకు వేసే గుడ్డే, నీలం చారలది. ఇంట్లో ఉండే తానులన్నీ అయిపోతే మా అవ్వ తన పరుపు విప్పి ఇచ్చింది. నేనూ సూది పట్టినా. నేను కుట్టిన కుట్లు రేణిగుంట నించి కూడా కనిపిస్తాయి, అంత వంకర.

నాలుగో శనివారం తెల్లారేటప్పటికి కంచె పొడుగూ నీలం చారల గుడ్డ కట్టేసినాము. కొండ ఇంకా మంచులో ఉండాది. గుడ్డ గాలికి ఉబ్బి దిగతా ఉంటే జూ చివరంతా ఎవరో పడకేసినట్టుండాది. లోకక్కా నేనూ వెనక కిటికీ కాడ నిలబడినాము.

టమోటా వచ్చింది. గుడ్డను చూసింది. దాని ఎంబడి మూతి పెట్టుకోని వాసన చూస్తా నడిచింది. పద్నాలుగు. తిరుక్కునింది. పద్నాలుగు. లోకక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునిందంటే, సాగదీయకుండా చెప్తా, గోర్లు దిగినాయి. ఎండ బండ మీదికి వచ్చింది. టమోటా ఇంకా నడస్తానే ఉండాది. మూడోసారి తొమ్మిదో అడుగు కాడ ఆగింది. తొమ్మిదో అడుగు కాడ అది ఆగింది నేనెప్పుడూ చూడలేదు. మెల్లిగా కంచె వదిలిపెట్టి, బండెక్కి, కొండ తట్టు మొగం తిప్పుకునింది. తల ముందుకాళ్ళ మీద పెట్టింది.

"రేపు ఆదివారం," అనింది లోకక్క గొంతు తగ్గించి. "గుడ్డ తీసేస్తాము. మళ్ళీ పద్నాలుగు."

మంచు పోయి కొండ మొత్తం కనిపించింది, నడిస్తే అందేంత దగ్గర.

ఇప్పుడు పెరటాసి పోయింది, కార్తీకం కూడా సగమయింది. తోక చివర కొత్త బొచ్చు వచ్చింది, కొంచెం లేత రంగు. మిగతా ఆరు దినాలు టమోటా కాడ బండి ఆపి బావి గురించి చెప్తా, కాలు గురించి చెప్తా, మీ ఊర్లో పాడుబావి ఉంటే మూత వెయ్యండి అని చెప్తా. సాగదీయను. కొందరికి నిద్రొస్తాది. కొందరు ఊరికి పోయి ఫోను చేస్తారు.

శనివారం మటుకు ఆ గుడ్డ ముందర బండి ఆపకుండా, చప్పుడు లేకుండా మెల్లిగా పోనిస్తా.

మొన్న ఒకామె అడిగింది, "ఆ పక్క ఏముండాదప్పా?"

"ఏమీ లేదమ్మా," అన్నా, మొగం కదపకుండా. "పరుపులు ఆరేసినారు."

బండిలో అందరూ సరే అని ఇంకో పక్కకి తిరిగినారు. ఆమె ఒళ్ళో పాప మాత్రం చెవి నిక్కించి వింటా ఉండాది. గుడ్డ ఆ పక్క నించి, లావుగా, నింపాదిగా, ఊపిరి చప్పుడు.

"అన్నా, పరుపు గురక పెడతా ఉండాది!"

"మెల్లిగా మాట్లాడు," అన్నా. "మా నాయన కుట్టిన పరుపులు అట్లనే పెడతాయి."